సముద్రగడ్డి పీకిన అక్కచెల్లెళ్ళు

ఎర్లెన్‌వీలర్‌లో అపొలోనియా అంటే తెలియనివాళ్ళు లేరు. ఆస్తిపరురాలని కాదు, అందగత్తె అని అసలే కాదు. మనిషి పొట్టి, నడుం వెడల్పు, మాట కరుకు. అయితే ఎండిన గడ్డి గుప్పెడు చేతికిస్తే చాలు, కళ్ళు మూసుకుని, అది అడవిలో ఏ మూలనుంచి వచ్చిందో, పీకి ఎన్నాళ్ళయిందో, అందులో పరాయి పోచలు ఎన్ని కలిశాయో చెప్పేసేది. గడ్డికొట్టు మేస్త్రీ పిర్మిన్‌కి తన త్రాసు మీద కన్నా ఆవిడ వేళ్ళ మీదే నమ్మకం ఎక్కువ.

ఊరిని ఆనుకుని రైన్ నది వైపు సాగిన ఓక్ అడవిలో, నేలన్నది కనబడకుండా పరుచుకుని ఉండేది ఆ గడ్డి. ఊళ్ళో దాని పేరు సముద్రగడ్డి. ఎర్లెన్‌వీలర్‌లో సముద్రం చూసినవాళ్ళు యుద్ధానికి వెళ్ళొచ్చిన ఇద్దరు ముగ్గురే. ఎప్పుడో ఎక్కడో సముద్రపు ఒడ్డున దొరికే నాచును పరుపుల్లో కూరేవారట, దానికి బదులు ఇది వాడడం మొదలెట్టాక ఆ పేరే దీనికి అంటుకుంది. పోచలన్నీ ఒకే పక్కకి వాలి, అలలు అలలుగా, స్నానం చేసి దువ్వుకున్న ఆడపిల్ల జుట్టులా ఉండేవి. వేసవి వచ్చిందంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆ అడవిలోనే. పీకడం, ఆరబెట్టడం, మోపులు కట్టడం. చలికాలంలో దాన్నే వంటిళ్ళలో కూర్చుని తాళ్ళుగా మెలిపెట్టడం. కొన్నాళ్ళు మెలికలోనే ఉంచి విప్పితే పోచలు ఉంగరాలు తిరిగి, ఎంత నొక్కినా మళ్ళీ పైకి లేస్తాయి. ఆస్పత్రులకీ, సత్రాలకీ, సిపాయిల బసలకీ ఆ పరుపులే.

అపొలోనియాకి పదిహేనో ఏట తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే పోయాడు. మిగిలింది ఎనిమిదేళ్ళ చెల్లెలు సబీనా. ఆ పిల్లని అడవికి చంకనేసుకు తీసుకెళ్ళినట్టే తీసుకెళ్ళి, పని నేర్పింది అక్కే.

"ముందు కాడ పట్టుకో," అంది మొదటిరోజు. "రెండు వేళ్ళ మధ్య దొర్లించు. దొర్లిందా?"

"లేదక్కా. ఆగి ఆగి పోతోంది."

"ఎందుకని?"

సబీనా నాలిక బయటపెట్టి, శ్రద్ధగా దొర్లించి చూసింది. "మూడు పలకలున్నాయి."

"అదీ! గడ్డయితే గుండ్రంగా దొర్లుతుంది. లోపల బోలుగా ఉంటుంది, మధ్య మధ్య కణుపులు తగుల్తాయి. దీనికి కణుపుల్లేవు, లోపలంతా నిండుగా ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు గడ్డంటారు గానీ, ఇది గడ్డి కాదే, తుంగ. ఆకులు చూడు, మూడు దిక్కులకి వస్తాయి. ఇప్పుడు ఇంకో తుంగ చూపిస్తా, రా."

అక్కడికి పది అడుగుల్లో తడినేల మీద ఒక కుచ్చు ఉంది. ఆకులు అంతే సన్నం, అంతే పచ్చన. సబీనా తెల్లబోయింది.

"ఇదీ అదేగా?"

"మొదలు పట్టి లాగు. కుచ్చంతా ఒక్కచోట పుట్టింది. మనది అలా కాదు. మట్టిలో సన్నటి గోధుమరంగు వేరు పాక్కుంటూ పోతుంది, దాని మీద వరసగా లేస్తుంది. అందుకే అడవంతా చాప పరిచినట్టు ఉంటుంది. ఇప్పుడు కంకి చూడు. ఈ కుచ్చుదానికి కంకులు ఎడం ఎడంగా, ఒక్కోదాని కింద ఒక పొడుగాటి ఆకు. మనదానికి కాడ చివర ఆరేడు చిన్న కంకులు, ఒకదాన్నొకటి ఆనుకుని, వెండిరంగులో, గోరుముక్కల్లా కాస్త వంపు తిరిగి ఉంటాయి. జూన్ దాటితే కంకులు రాలిపోతాయి. అప్పుడు నిన్ను కాపాడేది ఆకే."

"ఆకు ఎలా పోల్చుకోవాలి?"

"వెడల్పు బార్లీ గింజ కన్నా తక్కువ. పొడుగు నీ నడుం దాకా. మెత్తన. కింద నుంచి పైకి నిమిరితే పట్టులా పోతుంది. పై నుంచి కిందకి నిమిరావో, వేలు కోసుకుంటావు."

సబీనా వెంటనే పై నుంచి కిందకే నిమిరి, వేలు కోసుకుని, నోట్లో పెట్టుకుని అక్కవైపు చూసి నవ్వింది. ఆ పిల్ల అంతే. చెయ్యొద్దన్నదేదో ముందు చేసి చూడాలి.

అపొలోనియాకి ఇరవై మూడో ఏట ఒక సంబంధం వచ్చింది. పీపాలు చేసే సెవెరిన్. మంచివాడు, తాగడు, గొంతెత్తడు. అయితే అతని తల్లి, "పెళ్ళికూతురొస్తే చాలు, వెనకాల మేళం ఎందుకు?" అంది. సబీనాని ఎక్కడైనా పనికి కుదర్చమని అర్థం. అపొలోనియా ఆ మాట వింటూనే లేచి వచ్చేసింది. సెవెరిన్ మరో ఊరి పిల్లని చేసుకున్నాడు. ఆ సంగతి అక్కచెల్లెళ్ళ మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

సబీనాకి పెళ్ళయింది, లియోబా అని ఒక కూతురు పుట్టింది, మొగుడు యుద్ధంలో పోయాడు. తరవాత ఏడెనిమిదేళ్ళు సబీనా చలికాలమంతా బట్టలుతికే చోట పని చేసేది. క్షారపు నీళ్ళలో నాని నాని వేళ్ళు బెరడు కట్టాయి, పగుళ్ళు మానేవి కావు. వేసవిలో అడవికి వచ్చేటప్పుడు పది వేళ్ళకీ గుడ్డపీలికలు చుట్టుకునేది. అక్క వేళ్ళతో చూసేది, చెల్లెలు కళ్ళతో చూసేది. పక్కపక్కనే వంగి, రోజంతా ఏదో ఒకటి అనుకుంటూ పీకేవాళ్ళు. కూతురు లియోబా పెద్దదై పట్నంలో ఒక వంటింట్లో పనికి కుదిరాక, సబీనాకి మాట్లాడే తోడు అక్క ఒక్కతే.

ఆ సంవత్సరం జూలైలో గడ్డి పీకడానికి అడవి తెరిచిన మొదటిరోజే సబీనా వేరేచోట వాటా అడిగింది.

"నేను కాలవగట్టు వైపు పీక్కుంటాను మేస్త్రీగారూ."

పిర్మిన్ ఆశ్చర్యపోయాడు. "అక్కడేముందమ్మా? గడ్డి పలచన. సగం దోమలు, సగం బురద. మీ అక్క పక్కన బంగారంలాంటి వాటా ఉండగా."

"అక్కడైతే గాలి వస్తుంది."

అపొలోనియా పక్కనే నిలబడి వింది. చెల్లెలు తనకు ఒక్కమాటైనా చెప్పకుండా, అందరి ముందు మేస్త్రీని అడగడం ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. ఎదురుగా ఉన్న తెక్లా ఊరుకునే రకం కాదు. "ఏం అపొలోనియా, చెల్లెలికి నీ గాలి పడటం లేదా ఏంటి?" అంది. ఆడవాళ్ళు నవ్వారు.

"వెళ్ళనీ. కాళ్ళున్నాయి, వెళ్తుంది," అంది అపొలోనియా.

ఆ వేసవంతా అలాగే గడిచింది. మధ్యాహ్నం గుడిగంట కొట్టాక అందరూ ఓక్ చెట్ల కింద కూర్చుని రై రొట్టె, విరిగిన పాలు, ఉడకబెట్టిన దుంపలు తినేవారు. సబీనా వచ్చేది కాదు. సాయంత్రం ఎండ ఉండగానే మోపు నెత్తిన పెట్టుకుని, అందరికన్నా ముందే ఊళ్ళోకి వెళ్ళిపోయేది. రెండుసార్లు అపొలోనియా దారిలో ఎదురుపడితే పలకరించకుండా దాటిపోయింది. రెండోసారి అడుగు దూరంలో నుంచి. అపొలోనియా ఆగి, వెనక్కి తిరిగి, ఆ వెళ్ళే వీపుని చూస్తూ నిలబడిపోయింది. ఆరోజు ఇంటికి వచ్చి సూపు కాచుకుని, తినకుండానే కుండ మూసేసింది.

ఆగస్టు చివర్లో గడ్డికొట్టులో వాసన మొదలైంది. ఒక మూల పేర్చిన మోపుల్లోంచి వెచ్చటి ఆవిరి వస్తోంది. లాగి చూస్తే లోపల నల్లగా బూజు. చుట్టుపక్కల మోపులు కూడా పాడయ్యాయి. అదేరోజు పట్నం నుంచి సరుకు చూసుకోవడానికి వచ్చిన వర్తకుడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇది ఎవరు కట్టారో తేల్చండి. లేదంటే వచ్చే ఏడు నేను ఇంకో ఊరు చూసుకుంటాను," అన్నాడు.

పిర్మిన్ ఆడవాళ్ళందర్నీ కొట్టు ముందుకి పిలిచాడు. "అపొలోనియా, నువ్వే చూడు."

ఆవిడ మోపులో చెయ్యి పెట్టిన క్షణంలోనే తెలిసింది. సముద్రగడ్డి మధ్యలో కాలవతుంగ ఉంది. ఒకటీ రెండూ కాదు, మూడో వంతు. కాలవతుంగ ఆకు రెండింతలు వెడల్పు, నీలం తిరిగిన ఆకుపచ్చ, నడుమ పడవ అడుగులా వెన్ను. పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల తడి వదలదు. మెలిపెడితే పుటుక్కున విరుగుతుంది. అడవికి కొత్తగా వచ్చిన పిల్ల కూడా దాన్నీ దీన్నీ కలపదు.

తరవాత ముడి చూసింది. మోపు చుట్టూ తాడు రెండుసార్లు తిప్పి, చివర వెనక్కి మడిచి, కిందనుంచి దోపిన ముడి. అమ్మ ముడి. ఊళ్ళో ఆ ముడి వేసేవాళ్ళు ఇద్దరే.

చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఆలోచన రాలేదని కాదు. తాడు కోసేసి, "ఎవరిదో తెలియడం లేదు" అంటే ఎవరూ అడిగేవారు కాదు. కానీ ఆ వేసవంతా లోపల కుతకుతలాడినది ఒక్కసారిగా పైకి పొంగింది.

"సబీనా, ఇలా రా."

సబీనా జనంలోంచి మెల్లగా వచ్చింది.

"ఇది నీ ముడేనా?"

సబీనా బాగా వంగి, ముఖం దాదాపు తాడుకి ఆనించి, చేత్తో తడిమింది. "నాదే."

"ఇందులో ఏముంది?"

"సముద్రగడ్డి."

ఎవరో కిసుక్కున నవ్వారు. అపొలోనియా ముఖం కందగడ్డ అయింది. ఇంతమంది ముందు, తన ముఖం మీదే, తను నేర్పిన పనిలో, తన చెల్లెలు అబద్ధమాడుతోంది.

"చూడు! కళ్ళు పెట్టి చూసి చెప్పు!"

"సముద్రగడ్డే కదక్కా?" అంది సబీనా. ఆ గొంతులో నిజంగా అడుగుతున్నట్టు ఒక వణుకు ఉంది. అపొలోనియా దాన్ని టక్కరితనం అనుకుంది.

"కళ్ళు నెత్తికెక్కాయే నీకు! నా పక్కన పనిచెయ్యడానికి నామోషీ అయింది. ఒక్కదానివే కాలవగట్టున చేరి, అడ్డమైన చెత్తా కూరి బరువు పెంచావు. ఎనిమిదేళ్ళప్పుడు నేర్పాను నీకు. పోచ పట్టుకోవడం నేర్పాను, దొంగతనం నేర్పలేదు."

నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. తెక్లా కూడా ఒకడుగు వెనక్కి వేసింది.

సబీనా అక్కవైపు తిరిగింది. ఆ చూపు అపొలోనియా ముఖం మీద కాకుండా భుజం పక్కగా ఎక్కడో నిలిచింది. మేస్త్రీవైపు తిరిగి, "తప్పయిపోయింది," అంది. అంతే. కొట్టు గడప దిగేటప్పుడు కాలు తట్టుకుని ముందుకి తూలి, స్తంభం పట్టుకుని నిలదొక్కుకుంది. "పొద్దున్నే రేగుసారా పట్టించినట్టుంది," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆ తూలడం అపొలోనియా చూసింది. సిగ్గుతో తూలిందనుకుంది.

సబీనాకి అడవిలో వాటా తీసేశారు. సెప్టెంబరు గడిచింది. అక్క ఇల్లు ఊరికి ఈ చివర, చెల్లెలి ఇల్లు ఆ చివర. మధ్యలో నూతి దగ్గరా, గుడిలోనూ కూడా ఎదురుపడలేదు. సబీనా ఆదివారాలు ఊళ్ళో ఉండటం లేదనీ, తెల్లారేసరికే కొండదారి పట్టి ఎక్కడికో వెళ్తోందనీ చెప్పుకున్నారు. "మొగుణ్ణి చూసుకుందేమో," అంది తెక్లా. అపొలోనియా అటు తిరిగి కూడా చూడలేదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం లియోబా వచ్చింది. పట్నం నుంచి నేరుగా, తల్లి ఇంటికి కూడా వెళ్ళకుండా, వంటింటి ఏప్రన్ మీదే కోటు తొడుక్కుని.

"పెద్దమ్మా, నువ్వు తెలిసే అన్నావా, తెలియక అన్నావా? అది చెప్పు. చెప్పాకే కూర్చుంటాను."

"ఏమన్నాను?"

"కళ్ళు నెత్తికెక్కాయని."

"బూజుపట్టిన మోపు నువ్వు చూశావా? మీ అమ్మ..."

"మా అమ్మకి కళ్ళు కనబడవు పెద్దమ్మా."

అపొలోనియా చేతిలో మెలిపెడుతున్న గడ్డితాడు ఉంది. దాని చివర ఇంకా గోడకున్న కొక్కేనికే తగిలించి ఉంది.

"రెండేళ్ళ బట్టీ తగ్గుతూ వచ్చింది. మొదట నీడలో కనబడేది కాదు. అడవిలోపల, చెట్ల కింద, అంతా ఒకటే నలుపట. కాలవగట్టు మీద చెట్లు లేవు కదా, వెలుతురు ఉంటుంది. అందుకని అక్కడికి వెళ్ళింది. అక్కడైనా పచ్చన తెలిసేది గానీ ఏ పచ్చనో తెలిసేది కాదు. వేళ్ళా, చూశావుగా, మొద్దుబారిపోయి. మనుషులు ఎదురొస్తే ఎవరో పోల్చుకోలేక తల దించుకుని పోయేది. ఆదివారాలు ఒటీలియా మాత గుడికి వెళ్ళి ఊటనీళ్ళతో కళ్ళు కడుక్కుంటోంది. నాలుగు గంటలు నడిచి. మొన్న నేను బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. కంటివెనక నరం చచ్చిపోతోందట. ఇక బాగుపడదని, చావు కబురు చెప్పినట్టు టోపీ తీసి చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది అపొలోనియా.

"చెప్పొద్దంది. 'అక్క ఒకసారి నాకోసం పెళ్ళి మానుకుంది. ఇంకోసారి నన్ను మోయమని అడగలేను' అంది. నీకు భారం కాకూడదని దాచింది. నువ్వు దాన్నే పట్టుకుని..." లియోబా కూర్చుని ఏప్రన్‌లో ముఖం దాచుకుంది.

అపొలోనియా అప్పటికే గుమ్మం దాటింది. తలకి గుడ్డ కట్టుకోలేదు. చెక్కచెప్పుల్లో ఊరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా దాదాపు పరిగెత్తింది. సబీనా వాకిట్లో బల్ల మీద, ఎండకి ఎదురుగా ముఖం పెట్టి కూర్చుని దుంపలు చెక్కు తీస్తోంది. కత్తిని కంటితో కాదు, బొటనవేలితో నడుపుతోంది. అడుగుల చప్పుడుకి తలెత్తింది.

"ఎవరూ?"

"నేను."

సబీనా చేతులు ఆగాయి. తరవాత ఏప్రన్‌లో ఉన్న తొక్కలు దులిపి, బల్ల మీద పక్కకి జరిగింది.

"రండి. కూర్చోండి."

అపొలోనియా వెనక్కి తిరిగి చూసింది, తనతో పాటు ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. ఆ 'రండి' తనకే.

"సబీనా, నాకు తెలియదే. ఒట్టు. నాకు తెలియలేదు."

"మీరు పనిలో పొరపాటు పడలేదు. అది కాలవతుంగే. మోపు నాదే."

"మోపు తగలెయ్యి! నన్ను తిట్టు. ఆ కత్తి ఇటు విసురు."

"ఎందుకండీ? మీరు నిజమే చెప్పారు," అంది సబీనా నెమ్మదిగా. "సూపుంది, తాగుతారా?"

అపొలోనియా ఆ సూపు తాగింది. తాగినంతసేపూ కన్నీళ్ళు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. సబీనాకి అవి కనబడలేదు. వినబడకుండా అపొలోనియా పళ్ళు బిగించుకుంది.

మర్నాడు పొద్దున్న ఆవిడ గడ్డికొట్టుకి వెళ్ళి, తాళ్ళు తూచుకోడానికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ నిలబడింది. "నా చెల్లెలు దొంగ కాదు. దానికి చూపు పోతోంది. తోడబుట్టినదాన్ని, నేను కనిపెట్టలేకపోయాను. నోటికొచ్చినట్టు అన్నాను. మీరు నవ్వారు. నవ్వినవాళ్ళు ఏంచేస్తారో మీ ఇష్టం. అన్నదాన్ని మాత్రం నేనే." పిర్మిన్ టోపీ చేతిలో నలుపుతూ, వచ్చే ఏడు సబీనాకి వాటా తిరిగి ఇస్తానన్నాడు. ఇచ్చినా ఆవిడ చేసేదేమీ లేదని అందరికీ తెలుసు. తెక్లా ఆ సాయంత్రం ఒక బుట్ట ఆపిల్స్ సబీనా గుమ్మంలో పెట్టి, పలకరించకుండానే వెళ్ళిపోయింది.

తన ఇంటికి వచ్చి ఉండమని అపొలోనియా బతిమాలింది. ఒకసారి కాదు, ప్రతిరోజూ. సబీనా ఒప్పుకోలేదు. "మీ ఇంట్లో వద్దండీ. లియోబా పట్నంలో ఉంది. అక్కడ సన్యాసినులు చూపులేనివాళ్ళని ఉంచుకుంటారట. బుట్టలల్లడం నేర్పుతారు." క్రిస్మసుకి ముందు వెళ్ళిపోయింది. స్టేషనులో అపొలోనియా మూట అందించబోతే, చెయ్యి చాచి తడిమి, మూట అందుకుని, "శ్రమిచ్చాను," అంది.

నెలకో ఆదివారం అపొలోనియా పట్నం వెళ్ళేది. మొదట్లో ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకునేవారు. ఆవుకి దూడ పుట్టిందా, పుట్టింది. మంచు కరిగిందా, కరిగింది. జూలైలో మాత్రం సబీనా తనే అడిగింది. "ఈసారి వచ్చేటప్పుడు గుప్పెడు గడ్డి తెస్తారా? పచ్చిది. వాసన చూడాలనుంది."

అపొలోనియా పెద్ద కట్టే తీసుకెళ్ళింది. తడిగుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని. సబీనా ముఖం అందులో దాచుకుని చాలాసేపు ఉండిపోయింది. తరవాత ఒక్కొక్క పోచా తీసి వేళ్ళమధ్య పెట్టి చూడసాగింది. ఏడు నెలలు క్షారానికి దూరంగా ఉండటంతో వేళ్ళ బెరడు ఊడి, కింద గులాబీరంగు చర్మం వచ్చింది. ఇప్పుడు ఆ వేళ్ళకి పీలికలు లేవు.

"ఇది దొర్లింది. ఉత్త గడ్డి. ఇది ఆగింది, మనదే. ఇది..." ఒకచోట ఆగింది. ఆకు మీద బొటనవేలు ముందుకీ వెనక్కీ నడిచింది. "ఇది వెడల్పు. నడుమ వెన్నుంది. మీరు కావాలనే కలిపి తెచ్చారా?"

"లేదే. కట్టలో వచ్చేసిందేమో," అంది అపొలోనియా. కావాలని కలిపింది కాదు, చెల్లెలు పీకిన చోటని కాలవగట్టునుంచి కూడా కోసింది, తొందరలో అందులో ఏముందో చూసుకోలేదు.

"ఇదేనా నేను కట్టినది?"

"ఇదే."

"ఇంత మోటుగా ఉందా!" సబీనా ఆ ఆకుని చెంపకి ఆనించుకుంది. "చంటిపిల్లకైనా తెలుస్తుందే. ఇది కూడా తెలియకుండా నేను... మీకు కోపం రాక ఏమవుతుంది?"

"వేళ్ళకి గుడ్డలు చుట్టుకున్నావు కదే. ఎలా తెలుస్తుంది?"

సబీనా మొదట నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగింది. అపొలోనియా బల్లచుట్టూ వచ్చి చెల్లెలి తలని తన పొట్టకి ఆనించుకుంది. సబీనా వద్దనలేదు. చాలాసేపయ్యాక అపొలోనియా ధైర్యం చేసింది.

"ఒక్కసారి నన్ను నువ్వు అని పిలవవే. ఈ 'మీరు' నేను భరించలేకపోతున్నాను."

సబీనా పెదవులు కదిలాయి. ఆగింది. మళ్ళీ ప్రయత్నించింది.

"రావడం లేదండీ," అంది చివరికి. "కోపం కాదు. కోపం ఎప్పుడో పోయింది. ఆరోజు కొట్టు దగ్గర ఎక్కడో ఊడిపోయింది ఆ మాట. వెతుకుతున్నాను, దొరకడం లేదు."

ఆ ఏడు పిర్మిన్ మోపులు పరీక్ష చెయ్యమని పిలిస్తే అపొలోనియా వెళ్ళలేదు. మనిషిని పంపితే, "నా వేళ్ళు పనిచెయ్యడం లేదని చెప్పు," అంది. అతను నొచ్చుకుని, ఇంకొకామెని పెట్టుకున్నాడు. అడవికి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకి మాత్రం ఆవిడ గడ్డి పోల్చుకోవడం నేర్పుతూనే ఉండేది. నేర్పేముందు ఎవరినైనా సరే చెట్ల నీడలోకి తీసుకెళ్ళి, దూరంగా ఒక ఆకు చూపించి, అది కనబడుతోందా, ఏ రంగు అని అడిగేది. ఎందుకో తెలియక వాళ్ళు నవ్వుకునేవారు. పాతవాళ్ళు నవ్వేవారు కాదు.

సబీనా సన్యాసినుల దగ్గర ఎండుగడ్డి సంచి మీద పడుకుంటోందని తెలిసి, ఆ శరదృతువులో అపొలోనియా పరుపు కట్టడం మొదలెట్టింది. అడవి నడుమ, పాత ఓక్‌ల కింద, అన్నిటికన్నా పొడుగ్గా పెరిగిన చోట పీకింది. పోచ పోచా ఏరింది. మూడుసార్లు తిరగేసి ఆరబెట్టింది. సన్నగా మెలిపెట్టి, ఆరువారాలు మెలికలో ఉంచి విప్పింది. కొత్త నారగుడ్డ కుట్టి కూరింది. సన్యాసినులకి పెద్ద అయిన మదర్‌గారు, "అందరికీ ఒకే రకం పక్క అన్నది ఇక్కడి నియమం అమ్మా," అంది ముందు. తరవాత అపొలోనియా చేతులు చూసి, సరేనంది.

సబీనా దాని మీద పడుకుని, అరచేత్తో నొక్కి, లేస్తోందో లేదో చూసింది. "మెత్తగా ఉంది. మీరే మెలిపెట్టారా?"

"ఊఁ."

"ఒక్క పరాయి పోచ లేదు."

"లేదు."

ఫిబ్రవరిలో సబీనాకి ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. లియోబా ఇచ్చిన టెలిగ్రాం ఎర్లెన్‌వీలర్ చేరేసరికి, మంచు కురిసి రైలు ఒకరోజు ఆగిపోయింది. అపొలోనియా మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేటప్పటికి అంతా అయిపోయింది. చెల్లెలిని చిన్న ప్రార్థనగదిలో పడుకోబెట్టారు. చేతులు జపమాలతో కట్టి ఉన్నాయి. అపొలోనియా ఆ వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. చిన్నపిల్ల వేళ్ళంత మెత్తగా ఉన్నాయి.

"నాకోసం అడిగిందా?" అంది లియోబాతో.

లియోబా అబద్ధం చెప్పగలిగేదే. కానీ పెద్దమ్మ ముఖం చూసి చెప్పలేకపోయింది. "జ్వరంలో ఏవేవో అంది పెద్దమ్మా. ఏదీ తెలియలేదు. మాటలు కలిసిపోయాయి."

పాతిపెట్టడం అయ్యాక, మదర్‌గారు అపొలోనియాని పడకల హాలులోకి తీసుకెళ్ళింది. పదహారు ఇనపమంచాలు. సబీనా మంచం కిటికీ పక్కది. దుప్పటి తీసేశారు, పరుపు మాత్రం అలాగే ఉంది.

"ఇది మీరు కట్టినది. తీసుకెళ్తారా? బండి చెప్పిస్తాను."

అపొలోనియా అడ్డంగా తల ఊపింది. "ఎవరు వస్తారు ఈ మంచానికి?"

"వచ్చేవారం ఒక ముసలావిడ వస్తోంది. కొండ ఊరినుంచి. రెండుకళ్ళూ లేవు."

"ఆవిడని దీనిమీదే పడుకోనివ్వండి. ఏడాదికోసారి విప్పి, ఎండలో పోసి, దులిపి మళ్ళీ కూరాలి. అలా చేస్తే ఇరవైయేళ్ళు వస్తుంది. చేసేవాళ్ళు లేకపోతే నాకు కబురు పెట్టండి, నేనే వచ్చి చేస్తాను."

"అలాగే."

"కాసేపు దీనిమీద కూర్చోవచ్చా అమ్మగారూ?"

మదర్‌గారు తల ఊపి బయటికి వెళ్ళింది. అపొలోనియా పరుపు అంచున కూర్చుని, చెల్లెలు పడుకున్న చోట అరచెయ్యి వేసి నొక్కింది. లోపలి పోచలు గరగరమంటూ అణిగి, చెయ్యి తియ్యగానే మళ్ళీ పైకి లేచాయి. వాలిన ఎండ మంచాల మీదుగా పాకి వెళ్ళిపోయేదాకా ఆవిడ అక్కడే ఉంది. లియోబా వచ్చి భుజం మీద చెయ్యి వేసి, రైలు టైమయిందని చెబితే, లేచి, గుడ్డమీద తన బరువుకి పడ్డ ముడతలు సరిచేసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.